మనవల్ని చూసుకునే దాదీ, నానీలకి పెన్షన్: బ్రిటన్‌లో ఏముంది, మన నర్సీపట్నంలో ఏముంది

బ్రిటన్‌లో మనవల్ని చూసుకునే నానీ, దాదీలకి ఆ చూసుకున్న ఏళ్లు ప్రభుత్వ పెన్షన్ లెక్కలో కలుస్తాయి. ఇది నిజమే. అక్కడ పిల్లలున్న ఇళ్ల నుంచి ఈ మాట ఇక్కడికి వచ్చేసరికి "మనవల్ని పెంచితే గవర్నమెంట్ పెన్షన్ ఇస్తదంట" అని మారిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో గానీ, దేశంలో ఇంకెక్కడైనా గానీ అలాంటి పథకం లేదు. పిల్లల్ని చూసుకున్నందుకు మన దగ్గర ఎవరికీ పెన్షన్ రాదు. వయసుకి, వైధవ్యానికి, వైకల్యానికి, పేదరికానికి వస్తుంది. పైగా మనవడిని చూసుకోవడానికి ఊరు వదిలి వెళ్లిన దాదీమాకి, అప్పటికే వస్తున్న పెన్షన్ ఆగిపోయే ప్రమాదం ఉంది. అందుకే ముందు మన సంగతి చూసి, తర్వాత బ్రిటన్ సంగతికి వెళ్దాం.

నెలకి 4,000, కానీ ఎవరికి?

మన రాష్ట్రంలో వృద్ధాప్య పెన్షన్ ఎన్టీఆర్ భరోసా పేరుతో ఇస్తున్నారు. 2019 జులైలో 2,250 రూపాయలు ఉండేది. మెల్లగా పెరుగుతూ 2024 జనవరికి 3,000 అయింది. 2024 జులై 1న 4,000 చేశారు. ఆ రోజు ఏప్రిల్ నుంచి పెంచిన బకాయి కూడా కలిపి 7,000 చేతిలో పెట్టిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఏడాదికి లెక్కేస్తే 48,000. మనవడి స్కూల్ బ్యాగు దగ్గర్నుంచి దాదాజీ బీపీ మాత్రల దాకా ఈ డబ్బుతోనే నడిచే ఇళ్లు ఉన్నాయి కాబట్టి ఇది చిన్న మొత్తం కాదు.

వయసు 60 నిండాలి. గిరిజనులకి 50. కుటుంబ ఆదాయం పల్లెల్లో నెలకి 10,000, పట్టణాల్లో 12,000 లోపు ఉండాలి. నర్సీపట్నం మున్సిపాలిటీ కాబట్టి ఊళ్లో వాళ్లకి రెండో లెక్క, చుట్టుపక్కల పంచాయతీల వాళ్లకి మొదటి లెక్క. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు దాటకూడదు. ఇంట్లో కారు ఉండకూడదు. ఆటో, టాక్సీ, ట్రాక్టర్ ఉన్నా ఫర్వాలేదు. కరెంటు నెలకి సగటున 300 యూనిట్లు దాటకూడదు. పట్టణంలో సొంత ఇంటి విస్తీర్ణం 1,000 చదరపు అడుగుల లోపు ఉండాలి. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ, ప్రభుత్వ పెన్షన్ తీసుకునేవాళ్లు గానీ, ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లు గానీ ఉండకూడదు.

ఈ లిస్టులో అసలు చిక్కు "కుటుంబం" అనే మాటలో ఉంది. సచివాలయం దృష్టిలో కుటుంబం అంటే ఒకే రైస్ కార్డులో, ఒకే ఇంటి మ్యాపింగ్‌లో ఉన్నవాళ్లు. మనవడిని చూసుకోవడానికి కొడుకు ఇంటికి చేరిన దాదీమా పేరు అతని కార్డులోకి ఎక్కిందనుకోండి. అతను కారు కొన్నా, ట్యాక్స్ కట్టినా ఆ దెబ్బ దాదీమా పెన్షన్ మీద పడుతుంది. కాబట్టి కార్డులో పేరు కలిపే ముందే, దానివల్ల పెన్షన్‌కి ఇబ్బంది ఉందా అని వార్డు సచివాలయంలో వెల్ఫేర్ సెక్రటరీని అడగండి. పేరు ఎక్కాక తీయించుకోవడం కంటే ఎక్కకముందు అడగడం సులువు.

ఇంకో సంగతి. ఒక కార్డు మీద మామూలుగా ఒకటే పెన్షన్ ఇస్తారు, వికలాంగుల పెన్షన్ లాంటి కొన్నిటికి మాత్రం మినహాయింపు ఉంది. అందుకే దాదాజీ, దాదీమా ఇద్దరికీ 60 దాటినా చాలా ఇళ్లలో దాదాజీకే వస్తుంది. ఆయన పోతే ఆ 4,000 కూడా పోయినట్టేనా? కాదు. 2024 నవంబర్ 1 తర్వాత పెన్షన్ తీసుకుంటున్న భర్త చనిపోతే, భార్యకి స్పౌజ్ కేటగిరీలో పెన్షన్ ఇస్తారు. మరణ ధ్రువపత్రం, ఆధార్ పట్టుకుని సచివాలయానికి వెళ్లాలి. ఇద్దత్‌లో ఉన్న ఆడమనిషి గడప దాటదు కాబట్టి ఇది ఆలస్యమైపోతుంటుంది. కొడుకో, అల్లుడో వెళ్లి కాగితాలు ఇచ్చి, వేలిముద్ర కావాలంటే ఇంటికి రమ్మని అడగొచ్చు. పెన్షన్ ఇంటి దగ్గరే ఇచ్చే పద్ధతి కాబట్టి ఇది పెద్ద కోరికేం కాదు.

ఆధార్‌లో పుట్టిన తేదీ ఇంకో తలనొప్పి. పాతతరం ఆడవాళ్లలో చాలామందికి పుట్టిన తేదీ కాగితం లేదు. ఆధార్ తీసే రోజు ఎవరో అంచనాగా చెప్పిన సంవత్సరం, దానికి జనవరి 1 తేదీ పడిపోయింది. అసలు వయసు 64 అయినా కార్డులో 57 ఉంటే పెన్షన్ రాదు. ఆధార్‌లో పుట్టిన తేదీ మామూలుగా ఒక్కసారే మార్చుకోనిస్తారు. కాబట్టి సరైన రుజువు చేతిలో పెట్టుకునే వెళ్లాలి, తొందరపడి ఇంకో అంచనా వేయించుకోకూడదు.

మూడు నెలల గడువు

పెన్షన్ 1వ తేదీన సచివాలయం సిబ్బంది ఇంటికొచ్చి, వేలిముద్రో ముఖమో గుర్తుపట్టించి చేతికిస్తారు. లబ్ధిదారు ఇంట్లో ఉండాలి. ఇంతకుముందు ఆ నెల తీసుకోకపోతే ఆ నెలది పోయినట్టే ఉండేది. 2024 చివరి నుంచి పద్ధతి మార్చారు: ఒకటి రెండు నెలలు ఊళ్లో లేకపోయినా, తర్వాతి నెలలో బకాయి కలిపి ఇస్తారు. రెండు నెలలు తీసుకోకుండా మూడో నెల 1వ తేదీకి ఇంట్లో ఉంటే మొత్తం 12,000 వస్తుంది. మూడు నెలలు వరసగా తీసుకోకపోతే మాత్రం శాశ్వతంగా ఊరు వదిలి వెళ్లినట్టు లెక్కేసి పెన్షన్ ఆపేస్తారు.

మనవల్ని చూసుకునేవాళ్లకి ఈ నిబంధనే ప్రాణం. కూతురికి ఆరు నెలల ప్రసూతి సెలవు అయిపోతుంది, హైదరాబాద్‌లో ఆఫీసుకి వెళ్లాలి, నానీమా ఇక్కడి నుంచి బస్సెక్కుతుంది. "పదిహేను రోజులుండి వస్తా" అని వెళ్లినామె బాబు నడిచేదాకా రాదు. నాలుగో నెలలో ఇంటికొచ్చేసరికి పెన్షన్ లేదు. ఊరికొచ్చి స్థానికంగా ఉన్నానని సచివాలయంలో అర్జీ పెట్టుకుంటే మళ్లీ పెట్టించుకునే అవకాశం ఉంటుంది గానీ, ఎన్ని నెలలు తిరగాలో చెప్పలేం.

నా సలహా ఒకటే. ప్రయాణం ఖాయమైన రోజే క్యాలెండర్‌లో మూడో నెల 1వ తేదీ చుట్టూ గీత గీసి, ఆ ముందురోజుకి తిరుగు టికెట్ తీయండి. నర్సీపట్నం ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు, తుని లాంటి చోట దిగి రావాలి, పైగా నెలాఖరున టికెట్ దొరకడం కష్టమే. అందుకే ముందుగా అంటున్నా. టికెట్ ఖర్చు పోను మిగిలే 12,000 కోసం కాదు, ముందు ముందు రావాల్సినదాని కోసం ఈ ప్రయాణం.

రాష్ట్రం లోపలే మారితే ఇంత తిప్పలు లేదు. విశాఖపట్నంలోనో విజయవాడలోనో కూతురి దగ్గర ఏడాది ఉండాల్సి వస్తే, ఆ ప్రాంత సచివాలయానికి పెన్షన్ బదిలీ చేయించుకునే ఆప్షన్ ఉంది. ఎక్కడికి వెళ్తున్నారో ఆ సచివాలయం వివరాలు, పెన్షన్ నంబర్ ఇవ్వాలి. తెలంగాణకి మాత్రం బదిలీ ఉండదు. అక్కడి ఆసరా పెన్షన్ వేరే ప్రభుత్వానిది, వేరే అర్హతలు, వృద్ధులకి 2,016 రూపాయలు.

తల్లో తండ్రో లేని పిల్లల్ని పెంచుతుంటే

ఇక్కడ పెన్షన్ కాకపోయినా దానికి దగ్గర సాయం ఒకటుంది, మన వాళ్లలో తెలిసినవాళ్లు తక్కువ. కేంద్రం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ పేరుతో ఒక్కో బిడ్డకి నెలకి 4,000 రూపాయలు ఇస్తుంది. అనాథలై బంధువుల దగ్గర పెరుగుతున్న పిల్లలు, భర్త చనిపోయిన లేదా విడాకులైన లేదా వదిలేసిన తల్లుల పిల్లలు, తల్లిదండ్రులు ప్రాణాంతక జబ్బుతో ఉన్న పిల్లలు దీనికి అర్హులు. కుటుంబ వార్షిక ఆదాయం పల్లెల్లో 72,000, మిగతా చోట్ల 96,000 దాటకూడదు. డబ్బు బిడ్డ పేరు మీద, బిడ్డ కోసం. కానీ నానీమా చేతుల్లో పెరుగుతున్న బిడ్డకి నెలకి 4,000 వస్తే ఆమె తన పెన్షన్ తన మందులకి మిగుల్చుకోవచ్చు. దరఖాస్తు అనకాపల్లిలోని జిల్లా బాలల సంరక్షణ విభాగం ద్వారా వెళ్తుంది. దారి తెలియకపోతే ముందు అంగన్‌వాడీ టీచర్‌ని అడగండి, లేదా 1098కి ఫోన్ చేయండి.

కాగితాల దగ్గర "సంరక్షకులు ఎవరు" అనే ప్రశ్న వస్తుంది. మన ముస్లిం పర్సనల్ లాలో ఇది రెండు ముక్కలుగా ఉంటుంది. చిన్నబిడ్డని దగ్గర పెట్టుకుని పెంచే హక్కు, అంటే హిజానత్, హనఫీ పద్ధతిలో తల్లి తర్వాత తల్లి తల్లికి, ఆ తర్వాత తండ్రి తల్లికి వెళ్తుంది. బిడ్డ ఆస్తి చూసే హక్కు మాత్రం తండ్రిది. తండ్రి పోతే ఆయన వీలునామాలో నియమించినవాళ్లది, లేకపోతే తండ్రి తండ్రిది. అంటే నానీమా బిడ్డని పెంచొచ్చు గానీ, బిడ్డ పేరు మీదున్న స్థలం అమ్మడానికి సంతకం పెట్టలేదు. బ్యాంకో ఆఫీసో కోర్టు ఆర్డర్ కావాలంటే, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జిల్లా కోర్టులో సంరక్షకులుగా నియమించమని పిటిషన్ వేసుకోవాలి. అవసరం పడకముందే లాయర్‌తో ఒకసారి మాట్లాడుకుంటే మంచిది.

తల్లి బతికే ఉండి కువైట్‌లోనో సౌదీలోనో పనిచేస్తుంటే కథ వేరు. అప్పుడు బిడ్డ అనాథ కాదు, పైన చెప్పిన సాయం ఆ కారణంతో రాదు. తల్లికి వందనం లాంటి డబ్బు తల్లి అకౌంట్లో పడుతుంది, నానీమా చేతికి రాదు. వెళ్లేముందు తల్లి చేయాల్సిన పనులు రెండు. స్కూలు, ఆసుపత్రి విషయాల్లో బిడ్డ తరఫున నానీమా సంతకం పెట్టొచ్చని నోటరీ కాగితం రాసిచ్చి వెళ్లడం. తన అకౌంట్‌ని నానీమాతో జాయింట్‌గా మార్చడం. ఫ్లైట్ ఎక్కాక ఇవే పనులకి అక్కడి భారత రాయబార కార్యాలయంలో అటెస్టేషన్ చేయించాలి, దానికి ఒక రోజు కూలీ పోతుంది, ఆమె సెలవు దొరికే ఇంట్లో పనిచేస్తుంటే అదృష్టం.

బ్రిటన్‌లో ఉన్నది ఏంటి

అక్కడ ప్రభుత్వ పెన్షన్ పేదరికాన్ని బట్టి రాదు. ఎన్నేళ్లు నేషనల్ ఇన్సూరెన్స్ కట్టారో ఆ లెక్కన వస్తుంది. కొత్త పద్ధతిలో పూర్తి పెన్షన్‌కి సాధారణంగా 35 అర్హత సంవత్సరాలు కావాలి, కనీసం 10 లేకపోతే అసలు రాదు. 12 ఏళ్ల లోపు బిడ్డ పేరు మీద చైల్డ్ బెనిఫిట్ తీసుకునే తల్లికో తండ్రికో ఉద్యోగం లేకపోయినా ఆ ఏళ్లు క్రెడిట్‌గా కలుస్తాయి. తల్లి ఉద్యోగం చేస్తుంటే ఆమెకి జీతంలోంచే ఆ ఏడాది లెక్కకి వచ్చేస్తుంది, క్రెడిట్ అక్కర్లేదు. ఆ మిగిలిపోయిన క్రెడిట్‌ని, తను ఆఫీసుకెళ్తే బిడ్డని చూసుకున్న నానీకో దాదీకో రాసివ్వొచ్చు. 2011 ఏప్రిల్ 6 నుంచి ఇది అమల్లో ఉంది. దాని పేరు స్పెసిఫైడ్ అడల్ట్ చైల్డ్‌కేర్ క్రెడిట్.

2025-26లో పూర్తి పెన్షన్ వారానికి 230.25 పౌండ్లు. దాన్ని 35తో భాగిస్తే ఒక ఏడాది క్రెడిట్ విలువ వారానికి సుమారు 6.58 పౌండ్లు, ఏడాదికి 342 పౌండ్లు. పెన్షన్ తీసుకున్నన్నాళ్లూ వస్తుంది. నాలుగేళ్లు బిడ్డని చూసుకుంటే ఏడాదికి 1,368 పౌండ్లు. దీనికి ఎవరూ పైసా కట్టక్కర్లేదు. వారానికి ఇన్ని గంటలు చూసుకోవాలనే నిబంధన కూడా లేదు. కోవిడ్ రోజుల్లో ఫోన్‌లో, వీడియో కాల్‌లో పిల్లల్ని ఆడించినదాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు.

అడగాల్సింది సీఏ 9176 అనే ఫారంతో. బ్రిటన్ పన్ను ఏడాది ఏప్రిల్ 5తో ముగుస్తుంది. ఆ ఏడాది అక్టోబర్ 31 దాటాక దరఖాస్తు పెట్టాలి. తల్లి లేదా తండ్రి, నానీ లేదా దాదీ ఇద్దరూ సంతకం చేయాలి. పాత ఏళ్లకి కూడా 2011 దాకా వెనక్కి వెళ్లి అడగొచ్చు. ఇద్దరు పిల్లలున్నా ఒక ఇంటి నుంచి ఏడాదికి ఒకే క్రెడిట్. దాదీ తీసుకుంటే నానీకి ఉండదు, ఈ మాట ఇళ్ల మధ్య ముందే తేల్చుకోండి. తీసుకునేవాళ్లు ప్రభుత్వ పెన్షన్ వయసుకి లోపల ఉండాలి. ఆ వయసు 66 నుంచి 2026, 2028 మధ్య 67కి మారుతోంది. ఇప్పటికే పెన్షన్ వయసు దాటినవాళ్లు కూడా, దాటకముందు 2011 తర్వాత చూసుకున్న ఏళ్లు ఉంటే అడగొచ్చు.

చాలామంది జారిపోయేది చైల్డ్ బెనిఫిట్ దగ్గర. ఇంట్లో ఒకరి జీతం 60,000 పౌండ్లు దాటితే ఆ డబ్బు పన్ను రూపంలో వెనక్కి పోవడం మొదలవుతుంది కాబట్టి, మన సాఫ్ట్‌వేర్ పిల్లలు అసలు దరఖాస్తే పెట్టరు. దరఖాస్తు లేకపోతే క్రెడిట్ పుట్టదు, పుట్టనిదాన్ని నానీకి ఇవ్వలేరు. డబ్బు వద్దని టిక్ పెట్టి దరఖాస్తు మాత్రం పెట్టొచ్చు.

మరి నర్సీపట్నం నుంచి ఆరు నెలల విజిట్ వీసా మీద లండన్ వెళ్లి మనవరాలిని చూసుకుని వచ్చిన నానీమాకి? రాదు. అక్కడే స్థిరంగా నివసించేవాళ్లకే ఇది. వీసా మీద వెళ్లి బంధువుల బిడ్డని కొన్నాళ్లు చూసుకోవడం తప్పు కాదు గానీ, అది ఆయా ఉద్యోగంలా ఉండకూడదు. అక్కడ స్థిరపడి, పెన్షన్ సంపాదించుకుని, ముసలితనంలో ఇక్కడికి తిరిగొచ్చేవాళ్లకి ఒక మాట: పెన్షన్ ఇండియాకి పంపుతారు, కానీ ఇక్కడ ఉన్నన్నాళ్లూ ఏటా పెరిగే పెంపు కలపరు. వచ్చిన రోజు ఎంతో, పదేళ్లకీ అంతే.

ఇక్కడి క్రెడిట్ ఎవరి ఖాతాలో పడుతోంది

2019 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి పెడుతున్నారు, మగవాళ్లు 97. పిల్లల్ని, పెద్దల్ని చూసుకునే పనికి ఆడవాళ్లవి ఇంకో 134 నిమిషాలు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాదం కేసులో, గృహిణి పనికి ఆదాయం లెక్కగట్టి పరిహారం ఇవ్వాలని చెబుతూ ఈ సర్వే అంకెలే ఎత్తి చూపింది. అంటే మనిషి పోయాక ఆ పనికి కోర్టులో విలువ ఉంది. బతికుండగా పెన్షన్ లెక్కలో లేదు.

నేను చదివింది కామర్స్ కాబట్టి ఇంకోలా లెక్కేసి చూపిస్తా. కూతురు ప్రైవేటు ఉద్యోగంలో పీఎఫ్ ఉన్న మనిషి అనుకుందాం. పీఎఫ్ పెన్షన్ రావాలంటే కనీసం 10 ఏళ్ల సర్వీసు ఉండాలి. సూత్రం: పెన్షన్ జీతాన్ని, దాని పరిమితి 15,000, సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించడం. బిడ్డ పుట్టాక ఐదేళ్లు ఇంట్లో కూర్చుంటే ఆ ఐదేళ్ల సర్వీసు పోతుంది. ఉద్యోగం మానిన చాలామంది పదేళ్లు నిండకుండానే పెన్షన్ డబ్బు కూడా విత్‌డ్రా చేసేస్తారు. నానీమా వచ్చి ఆ ఐదేళ్లు బిడ్డని చూసుకుంటే సర్వీసు నడుస్తుంది. 15,000 ఇంటూ 5, బై 70: నెలకి 1,071 రూపాయలు, కూతురికి 58 ఏళ్లొచ్చాక బతికున్నంతకాలం. బ్రిటన్‌లో నానీ పేరు మీద పడే క్రెడిట్, ఇక్కడ నానీ చేసిన పనికి కూతురి పేరు మీద పడుతోంది. కూతురికి రావొద్దని కాదు. ఆ ఐదేళ్లలో వచ్చిన జీతంలోంచి నానీమా అకౌంట్‌కి నెలనెలా కొంత వెళ్లాలి అంటున్నా.

ఎంత అనేది ఇంటి సంగతి. ఏ తేదీకి అనేది మాత్రం బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చేస్తే అడగాల్సిన అవసరం రాదు. అడగడానికి సిగ్గుపడే తరం అది. పిల్లలు తల్లిదండ్రులకి ఇచ్చే డబ్బు మీద పుచ్చుకునేవాళ్లకి ఇన్‌కమ్ ట్యాక్స్ పడదు. అమ్మ పేరు మీద సీనియర్ సిటిజన్ డిపాజిట్ వేయమని కొందరు చెబుతారు, కానీ వడ్డీ ముట్టని ఇళ్లకి అది పనికిరాదు, అందుకే నెలనెలా పంపే డబ్బు గురించే చెప్పా.

మనవలు పెద్దయ్యాక, కొడుకు కూతుళ్లు చూడటం మానేశాక ఉన్న దారి 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం. ఇది అన్ని మతాలవాళ్లకీ వర్తిస్తుంది. ఇందులో "పిల్లలు" అంటే కొడుకు, కూతురు మాత్రమే కాదు, మేజర్లైన మనవడు, మనవరాలు కూడా. నెలకి 10,000 దాకా పోషణ ఖర్చు ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కి ఉంది. నర్సీపట్నం, గొలుగొండ, నాతవరం, మాకవరపాలెం మండలాల వాళ్లకి ఆ ట్రిబ్యునల్ అంటే నర్సీపట్నం ఆర్డీవో ఆఫీసే. లాయర్ల వాదన ఉండదు, నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. ఆర్డర్ ఇచ్చినా కట్టకపోతే నెల దాకా జైలు ఉంది. తీర్పు నచ్చకపోతే పెద్దవాళ్లు 60 రోజుల్లో అనకాపల్లిలో కలెక్టర్ దగ్గర అప్పీలు చేసుకోవచ్చు.

ఇదే చట్టం 23వ సెక్షన్ మన ఇళ్లకి మరీ ముఖ్యం. నన్ను చూసుకోవాలనే షరతు మీద ఇల్లు రాసిచ్చాక వాళ్లు చూడకపోతే, ఆ రాసివ్వడాన్ని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. మన దగ్గర హిబా నోటిమాటతో కూడా చెల్లుతుంది, చాలా ఇళ్లలో నలుగురు పెద్దల ముందు అలాగే జరుగుతుంది. నోటిమాటలో షరతు ఎక్కడ ఉందని రేపు చూపిస్తారు? కాబట్టి ఇల్లు ఇచ్చేటప్పుడు కాగితం రాయించండి, అందులో "నా తిండి, మందులు, ఉండే చోటు వీళ్లు చూసుకోవాలి" అనే వాక్యం ఉందో లేదో చదివించుకుని మరీ సంతకం పెట్టండి. దారి తెలియనివాళ్లు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేసి అడగొచ్చు, డబ్బు పడదు.